నాలుగడుగుల ఏడంగుళాలు

టేపు పట్టి ఏదైనా కొలిచేటప్పుడు రెండో చివర ఎవరు పట్టుకున్నారో తలెత్తి చూసుకోవడం ఈమధ్యే నాకు అలవాటైంది. అంతకుముందు చూసేదాన్ని కాదు. ఆ చివర హెన్రీ ఉంటాడని నమ్మకం.

పెళ్ళయిన కొత్తలో మేమిద్దరం కంటికి కనిపించిందల్లా కొలిచాం. మంచం పొడవు, మంచం దాటి బయటికొచ్చే హెన్రీ పాదాలు, పొద్దున్నే వంటింటి కిటికీలోంచి నేలమీద పడే ఎండ ముక్క. వచ్చిన కానుకలన్నిటిలో నాకు బాగా నచ్చింది హెన్రీ స్నేహితుడిచ్చిన పసుపురంగు ఉక్కు టేపు. బొత్తాం నొక్కితే సర్రుమని డబ్బాలోకి దూరిపోతుంది. ఆ చప్పుడు కోసమే ఊరికే లాగి వదిలేదాన్ని.

నేను కావలిలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. అక్కడ చంద్రమౌళి గారి ఆఫీసుకి కంప్యూటరులో ఇళ్ళ ప్లాన్లు గీసిపెడతాను, పెళ్ళయ్యాక ఇంటినుంచే. హెన్రీ అల్లూరులో రొయ్యల గుంటల నీళ్ళు పరీక్షచేసే ల్యాబులో పనిచేస్తాడు. దూరపు చుట్టరికం ఉంది కాబట్టి బావా అని పిలుస్తాను. సాయంత్రం ఇంటికొచ్చేసరికి అతని చొక్కా నిండా గుంటల వాసన ఉంటుంది. అది కూడా నాకు బాగుంటుంది, ఎవరికీ చెప్పను.

ఇంట్లో మాతోపాటు ఉండేది హెన్రీ నాయనమ్మ ఒక్కతే, ఆనందకుమారి అవ్వ. మామయ్య ఉద్యోగం కోట అనే ఊళ్ళో కాబట్టి అత్తమ్మావాళ్ళు అక్కడుంటారు. అవ్వకి నోరు చురుకు, నడక చురుకు. ఒక్క చర్చిలో మాత్రం ఒక వింత చేసేది. మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు చాపల మీద కూర్చుంటారు, మధ్యలో దారి. కీర్తన చదివేటప్పుడు మగవాళ్ళు ఒక వచనం, ఆడవాళ్ళు ఒక వచనం. అవ్వ చాప అంచున కూర్చుని, తన వచనం అయిపోగానే కుడిచెయ్యి దారి మీదికి చాపేది. ఒక్క క్షణం అలా ఉంచి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకునేది. వయసు మీద పడింది గదా అనుకున్నాను.

ఒక శనివారం చర్చి సెక్రటరీ క్రీస్తురాజు మామ మా ఇంటికి వచ్చాడు.

"వందనాలమ్మా ఫేబీ. నీకొక పని పెట్టేదానికి వచ్చినా."

"కూర్చోండి మామా. టీ తాగతా చెప్పండి."

"మన సమాధుల తోటకి ప్రహరీ కట్టాలని, లోపల సిమెంటు దారి పొయ్యాలని కమిటీలో అనుకున్నాం. యాడ ఎవురుండారు, యాడ ఖాళీ ఉండాది, అంతా కొలిచి మ్యాపు గీసియ్యాల. ఊర్లోకి కంప్యూటరు కోడలు వచ్చినాక బయటోళ్ళ దగ్గరికి ఎందుకు పోవాల?"

కంప్యూటరు కోడలు అన్నందుకు హెన్రీ నాకేసి చూసి నవ్వాడు. నాకూ గర్వంగానే ఉంది.

సమాధుల తోటకి రెండు పక్కలా రొయ్యల గుంటల కట్టలు వచ్చేశాయి. ఉన్న జాగా తక్కువ. ఇసుకలో పెట్టె మోయడం కష్టమైపోయిందని కమిటీవాళ్ళు చక్రాల బండి చేయించారు. ఆ బండి తిరగాలంటే దారి వెడల్పు కనీసం నాలుగడుగులుండాలి.

"దారి యాడ పోతాది మామా?" అని హెన్రీ అడిగాడు.

మామ గ్లాసు కింద పెట్టి, లోపలి గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించాడు. "ఎవురినీ తొక్కకుండా, కొత్త జాగా తినకుండా పోయేదానికి ఒకటే సందురా అబ్బయ్యా. మీ తాత పక్కన."

గుమ్మం వెనకే అవ్వ ఉంది.

హెన్రీ తాత హెబ్రోను మేస్త్రీపని చేసేవాడు. పోయి పదేళ్ళు దాటింది. పోవడానికి ముందటి ఏడు తన చోటు తనే చూసుకుని, దానికి ఎడమ పక్కన కొంత జాగా వదిలి, ఇసుకలో ఇటుకలు నిలువుగా ఒక వరస పాతిపెట్టాడట. ఎందుకని అడిగితే నవ్వేవాడట. తన సమాధికీ ఆ ఇటుకలకీ మధ్య జాగా అవ్వదేనని ఇంట్లో అందరి నమ్మకం. అవ్వ నమ్మకం మరీ గట్టిది. ఇప్పుడు ఆ జాగాలో ఊరు నడుస్తుంది. అవ్వకి ఇటుకలకి అవతల, కొత్త భాగంలో ఎక్కడో ఒకచోట ఇస్తారు.

"పెళ్ళికి కమిటీని అడగలా. పక్కన పడుకునేదానికి అడగాల్నా?" అంది అవ్వ, మామ వెళ్ళిపోయాక. నవ్వుతూనే అంది. కానీ కలిపిన అన్నం కంచంలో అలాగే ఉండిపోయింది. తర్వాత నా పక్కకొచ్చి నిలబడింది. "అమ్మే, గీసేది నువ్వు గదా. ఏమన్నా చేసి ఆ జాగా నాకు మిగిల్చు."

సోమవారం హెన్రీ మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టాడు. ఇద్దరం టేపు తీసుకుని తోటకి వెళ్ళాం. నిజం చెప్పాలంటే నాకు షికారుకి పోయినంత సంతోషంగా ఉంది. సరుగుడు చెట్లు గాలికి రొద చేస్తున్నాయి. గుంటల్లో నీళ్ళు చిమ్మే యంత్రాల చప్పుడు ఆగకుండా వస్తోంది. హెన్రీ టేపు కొక్కెం పట్టుకునేవాడు, నేను డబ్బా పట్టుకుని అంకె చూసేదాన్ని. కాగితం బరువని అంకెలు అరచేతిలో రాసుకుంటూ వచ్చాను. అరచెయ్యి నిండాక హెన్రీ తన చెయ్యిచ్చాడు. అతని చేతిలో రాస్తుంటే చక్కిలిగింతలని గింజుకున్నాడు.

తాత సమాధి దగ్గరికి వచ్చాం. సున్నం వెలిసిపోయిన, అంచులు గుండ్రంగా తీర్చిన చిన్న సమాధి. నేను ఇటుకల వరస దగ్గర కూర్చుని డబ్బా ఆనించాను. టేపు బిగుసుకుంది. నాలుగడుగుల ఏడంగుళాలు.

"ఇంకొకసారి చూస్తా, గట్టిగా పట్టుకో బావా."

టేపు ఇంకా బిగుసుకుంది. అదే అంకె. ఉక్కు పట్టీ గాలికి సన్నగా మోగుతోంది.

"మరీ అంత లాగబాకు," అన్నాను.

"ఏంది?" అన్నాడు హెన్రీ.

గొంతు నా వెనకనుంచి వచ్చింది. తిరిగి చూస్తే గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చెవి దగ్గర ఫోను. ల్యాబునుంచి ఫోనొస్తే ఎప్పుడో అటు వెళ్ళాడట.

టేపు రెండో చివర సమాధి అంచుకి ఆని ఉంది. మధ్యలో ఎక్కడా ఇసుకకి తగలడం లేదు, గీసిన గీతలా తిన్నగా ఉంది. నేను బొత్తాం నొక్కాను. రాలేదు. మళ్ళీ నొక్కాను. అప్పుడు వచ్చింది, సర్రుమని కాదు. పట్టుకున్నవాళ్ళు చెయ్యి తెగకుండా కొంచెం కొంచెంగా వదిలినట్టు, మెల్లగా.

"అంచుకి తగులుకోనుంటాది," అన్నాడు హెన్రీ వచ్చి.

గుండ్రటి అంచుకి కొక్కెం ఎలా తగులుకుంటుందని నేనడగలేదు. అతను ఇంటికెళ్ళేదాకా నా చెయ్యి వదల్లేదు. అతని అరచేతిలోని అంకెలు చెమటకి నా చేతికి అంటుకున్నాయి.

మరుసటి రోజు గీయడం మొదలుపెట్టాను. ఈ పనిలో నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. రెండు గీతల మధ్య దూరం ఎంతో మనం రాయక్కర్లేదు. ఈ గీత, ఆ గీత అని చూపిస్తే చాలు, బాణం గుర్తులు పడి మధ్యలో అంకె దానంతట అదే వస్తుంది. గీతని జరిపితే అంకె కూడా మారుతుంది. తాత సమాధి, ఇటుకల వరస గీసి, రెండూ చూపించాను. నాలుగడుగుల ఏడంగుళాలు అని పడింది.

అవ్వ నా కుర్చీ వెనక నిలబడి చూస్తోంది.

"బండికి ఎంత కావాలంటా?"

"నాలుగడుగులు అవ్వా."

"అంతకంటే తక్కువుంటే?"

"ఈ సందులో దారి పట్టదు. కొత్త భాగంలోంచి తిప్పుకోవాల."

అవ్వ వెళ్ళి వరండాలో కూర్చుంది. నాకు అర్థమైంది. తాత సమాధిని తెరమీద పది అంగుళాలు ఇటుకల వైపు జరిపితే సందు మూడడుగుల తొమ్మిదంగుళాలవుతుంది. బండి పట్టదు, అవ్వ పడుతుంది. తోటలో టేపు పట్టి సరిచూసేవాళ్ళు ఎవరూ లేరు. నేను చేసేది తప్పని తెలుసు. వరండాలో అవ్వ వీపు కనిపిస్తోంది. జరిపాను. అంకె బుద్ధిగా మారింది. సేవ్ చేసి, హెన్రీకిష్టమని గోంగూర పచ్చడి నూరడానికి వెళ్ళాను.

తిరిగొచ్చి చూస్తే నాలుగడుగుల ఏడంగుళాలు.

సేవ్ కాలేదేమో అనుకుని మళ్ళీ జరిపాను. ఈసారి ఆ సమాధి గీతలు కదలకుండా తాళం వేశాను, ఆ వీలు కూడా ఉంది. సాయంత్రం హెన్రీ వచ్చాక పక్కన కూర్చోబెట్టుకుని తెరిచాను. తాళం వేసినట్టే ఉంది. సమాధి మాత్రం పాత చోటికి వెళ్ళిపోయింది.

చంద్రమౌళి గారికి ఫోన్ చేశాను.

"సార్, డైమెన్షన్ దానంతట అది మారుతుందా?"

"గీత జరిగితే మారతాది. లేకుంటే ఎందుకు మారతాది?"

"నేను జరిపితే మళ్ళీ వెనక్కి పోతోంది సార్."

"పెళ్ళైన కొత్త గదమ్మా. మనసు ఒకచోట, మౌసు ఒకచోట." ఆయన నవ్వాడు. "సరే, జరిపి నాకు పంపించు. ఈడ తెరిచి చూస్తా."

జరిపి పంపించాను. కాసేపటికి ఆయనే చేశాడు. ఈసారి గొంతులో నవ్వు లేదు.

"నాలుగడుగుల ఏడంగుళాలే ఉండాదమ్మా ఇక్కడ. చూస్తా ఉంటే నేనూ జరిపినా. మూసి తెరిస్తే మళ్ళీ అంతే. ఇది ఎవురి ఇల్లు?"

"ఇల్లు కాదు సార్," అన్నాను.

ఆయన పొద్దుపోకముందే పని ముగించుకోమని చెప్పి పెట్టేశాడు.

ఇక ఒకటే దారి మిగిలింది. గీతని ముట్టుకోకుండా అంకెని చెరిపేసి దానిచోట మనకు కావలసింది టైపు చేయొచ్చు. చంద్రమౌళి గారు అలా చేసినవాళ్ళని ఆఫీసులో ఉంచడు. చేశాను. తెరమీద మూడడుగుల తొమ్మిదంగుళాలని కళ్ళారా చూశాను. హెన్రీ దాన్ని ఫోనులో వేసుకుని అల్లూరులో జెరాక్స్ షాపులో ప్రింటు తీయించుకొచ్చాడు. చుట్టిన కాగితం బల్లమీద విప్పి, నాలుగు మూలలా నాలుగు గ్లాసులు పెట్టాడు. ఇద్దరం వంగి చూశాం.

నాలుగడుగుల ఏడంగుళాలు. మిగతా అంకెలకన్నా కాస్త నల్లగా పడింది, పెన్సిలు మీద మళ్ళీ పెన్సిలు దిద్దినట్టు.

"నువ్వు మార్చినావు గదా," అన్నాడు హెన్రీ మెల్లగా.

"నువ్వు చూసినావు గదా బావా."

అప్పట్నుంచి మేము ఇంట్లో ఏదీ కొలవలేదు. టేపుని బీరువాలో చీరల కింద పెట్టాను. బీరువా దగ్గరికి వెళ్ళినప్పుడల్లా లోపల ఉక్కు పట్టీ కొంచెం బయటికి పాకినట్టు చప్పుడయ్యేది. మొదట ఎలుక అనుకున్నాను. తర్వాత అనుకోవడం మానేశాను. ఎండగా ఉన్నా ఇద్దరం ఒకే కుర్చీలో ఇరుక్కుని టీ తాగుతుంటే అవ్వ చూసి వెటకారం చేసింది.

"ఏందే, ఇంట్లో కుర్చీలు కరువైనాయా? పట్టపగలు ఒకర్నొకరు అంటుకోనుండారు."

నాకు దాచడం చేతకాలేదు. జరిపింది, జరగనిది, అన్నీ చెప్పేశాను. ప్రింటు చూపించాను. అవ్వ భయపడలేదు. కాగితం మీద ఆ అంకె పడ్డ చోటుని వేలితో నిమిరింది.

"మేస్త్రీ అంతే," అంది. భర్తని ఆమె ఎప్పుడూ మేస్త్రీ అనే అంటుంది. "కట్టినాక ఒక్క ఇటుక ఇట్టనుంచి అట్ట పెట్టనిచ్చేవాడు కాదు. నేను జరపమన్నా, జరగనంటా ఉండాడు."

తర్వాత నావైపు చూడకుండా అంది.

"నేను పక్కన ఉండేది ఇష్టం లేదేమోలే."

అంతవరకూ నాకు వేసిన భయం ఒక ఎత్తు, ఆ మాట విన్నాక వేసింది ఇంకొక ఎత్తు. ఎందుకంటే నాకూ అదే అనిపించింది. ఎన్నిసార్లు దగ్గరికి జరిపినా దూరం జరిగిపోతున్నాడు ఆ తాత. హెన్రీ అవ్వ పక్కన కూర్చుని భుజం మీద చెయ్యేశాడు. అవ్వ ఆ చేతిని తట్టి, తీసి పక్కన పెట్టి, లేచి మేకకి ఆకు వెయ్యడానికి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంటుందని కబురొచ్చింది. ప్రింటు చుట్టి చేతిసంచిలో పెట్టుకున్నాను. సమాధుల మధ్య ఇంకేదైనా కొలత అడుగుతారేమోనని టేపు కూడా పెట్టుకున్నాను, దాన్ని తాకడం ఇష్టం లేకపోయినా. సంచి ఒళ్ళో పెట్టుకుని అవ్వ వెనక, చాప అంచున కూర్చున్నాను. పెళ్ళయినప్పట్నుంచి అంచున కూర్చోవడానికి ఒక కారణం ఉంది. అటువైపు చాప అంచున హెన్రీ కూర్చుంటాడు. మధ్యలో ఉన్నది మేము పెళ్ళిరోజు ఇద్దరం ఇరుక్కుని నడిచొచ్చిన దారే, ఎర్ర సిమెంటు పట్టీ. ప్రసంగం మధ్యలో అతను ఒక కనుబొమ్మ ఎగరేస్తే నేను ముసుగు సర్దుకున్నట్టు నటించి నవ్వుకుంటాను.

ఆరోజు హెన్రీ బైబిలు మర్చిపోయి వచ్చాడు. పాస్టరు అయ్యగారు కీర్తన మొదలుపెట్టాడు. మగవాళ్ళు ఒక వచనం, ఆడవాళ్ళు ఒక వచనం. మా వచనం అయిపోగానే హెన్రీ ఎడమచెయ్యి చాపి వేళ్ళు ఆడించాడు, నీది ఇయ్యి అన్నట్టు. నేను కుడిచెయ్యి చాపాను. ఇద్దరం పూర్తిగా చాస్తేగాని అందలేదు. బైబిలు చేతులు మారేటప్పుడు వేళ్ళ కొసలు తగిలాయి. వాళ్ళ వచనం చదివి తిరిగి ఇచ్చాడు. మళ్ళీ వేళ్ళు తగిలాయి. వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు.

మూడోసారి చెయ్యి చాపినప్పుడు ముందు వరసలో అవ్వ చెయ్యి కూడా చాపి ఉండటం చూశాను. నా చెయ్యి ఎంత దూరం వెళ్ళిందో అవ్వ చెయ్యీ అంతే దూరం వెళ్ళింది. నా చేతికి అటునుంచి చెయ్యొచ్చింది. అవ్వ చెయ్యి ఎర్ర పట్టీ నడిమధ్య ఖాళీగా, వెల్లకిలా ఉంది. ఒక్క క్షణం ఉంచి వెనక్కి తీసుకుంది.

తర్వాతి వచనాలు ఏవీ చదవలేకపోయాను.

ఆరాధన అయిపోయి జనం బయటికి వెళ్ళాక సంచిలోంచి టేపు తీశాను.

"ఈడ ఎందుకు?" అన్నాడు హెన్రీ.

"ఆ చివర పట్టుకో బావా. నువ్వే పట్టుకో."

అతనే పట్టుకున్నాడు. తలెత్తి చూసుకున్నాను. మగవాళ్ళ చాప అంచునుంచి ఆడవాళ్ళ చాప అంచుదాకా, ఎర్ర పట్టీ వెడల్పు, నాలుగడుగుల ఏడంగుళాలు.

అవ్వ ఇంకా తన చోటే కూర్చుని ఉంది, మోకాళ్ళు పట్టేస్తాయని చివర్లో లేస్తుంది.

"అవ్వా, ఈ దారి వేసింది ఎవరు?"

"మేస్త్రీయే. ఇంకెవురు?" అంది. "అయ్యగారు ఆరడుగులు పొయ్యమన్నాడు. ఈయన నన్ను పిలిచి ఇట్ట కూర్చోబెట్టి చెయ్యి చాపమన్నాడు. తాను అట్ట కూర్చొని తన చెయ్యి చాపినాడు. వేళ్ళు తగిలినాక మేం కూర్చున్నకాడ గీతలు కొట్టి, ఇంత చాలు అన్నాడు. అందరూ నవ్వినారు."

"చేతులెందుకు అవ్వా?"

"కళ్ళజోడు ఒకటే గదే మాకు." అవ్వ ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు చూసింది. "ఇద్దరికీ అదే సరిపొయ్యేది. మగోళ్ళ వచనం చదివి నాకిచ్చేవాడు. నాది చదివి ఆయనకిచ్చేదాన్ని. ఎన్నేళ్ళు ఇచ్చిపుచ్చుకున్నామో. పొయ్యేటప్పుడు ఆయన జేబులోనే పెట్టి పంపించినా. ఆడ ఎవురిని అడుక్కుంటాడు? అప్పట్నుంచి నా వచనాలు బట్టీనే."

హెన్రీ టేపు చివర ఇంకా పట్టుకునే ఉన్నాడు. అవ్వ ఆ పసుపు పట్టీని చూసింది, ఆ చివరనుంచి ఈ చివరదాకా.

"ఆడ తోటలో కూడా ఇంతేనా?"

"ఇంతే అవ్వా. అంగుళం తేడా లేదు."

అవ్వ చాప అంచు కింద వేళ్ళు దూర్చి, అంచు వెంబడి నేలని తడుముకుంటూ పోయింది.

"అయితే ఆ ఇటుకలు నాకు హద్దు కాదు," అంది చివరికి. "నా చాప అంచు."

చర్చి పంచలో కమిటీవాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. క్రీస్తురాజు మామ అవ్వ రావడం చూసి లేచి నిలబడ్డాడు. ఏడుస్తుందో, తిడుతుందో అని సిద్ధపడినట్టున్నాడు.

"పిన్నమ్మా, నీకు బాధగా ఉంటాదని తెలుసు. కానీ బండి పోవాలంటే..."

"దారి పోసుకో క్రీస్తురాజూ. ఆ సందులోనే పోసుకో. వెడల్పు పెంచబాకు, తగ్గించబాకు. ఎంతుండాదో అంతే."

మామ నాకేసి చూశాడు. నేను ప్రింటు విప్పి పట్టుకున్నాను.

"నాకు మాత్రం ఇటుకలకి అవతల, అంచున ఇయ్యి," అంది అవ్వ. "మొదటి వరసలో, మేస్త్రీకి ఎదురుగ్గా. లోపలికి జరపబాకండి. ఇప్పుడే రాసుకోండి."

"అంచునే రాసుకుంటాంలే. బండి పోయినప్పుడల్లా చక్రాల చప్పుడు చెవిలోనే ఉంటాది నీకు."

"ఉండనీ. ఎవురెవురొస్తా ఉండారో ముందు నాకే తెలుస్తాది. నువ్వొచ్చేది కూడా."

కమిటీ మొత్తం నవ్వింది. మామ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.

ఆ మధ్యాహ్నమే గీతలు సరిచేశాను. టైపు చేసిన దొంగ అంకెని చెరిపేశాను. తాత సమాధినుంచి నాలుగడుగుల ఏడంగుళాల దూరంలో గీత పడాలని నేనే అంకె ఇచ్చాను. కొత్త గీత వెళ్ళి ఇటుకల వరస మీద సరిగ్గా కూర్చుంది, రెండూ ఒకటైపోయాయి. దానికి ఆనించి అవ్వ చోటు గీశాను. ఫైలు మూసి తెరిచాను. గోంగూర తాలింపు పెట్టి వచ్చి మళ్ళీ తెరిచాను. ఏదీ కదల్లేదు. బీరువాలో కూడా ఆ తర్వాత చప్పుడు లేదు.

దారి పోసేముందు నేలమీద గుర్తులు పెట్టమన్నారు. అవ్వ తానూ వస్తానంది. ఎండ తగ్గాక ముగ్గురం వెళ్ళాం. గుంటల యంత్రాలు ఆపేసినట్టున్నారు, ఎక్కడా చప్పుడు లేదు. సరుగుడు చెట్లు కూడా ఊరుకున్నాయి. అవ్వ ఇటుకలకి అవతల, తనకిచ్చిన చోట ఇసుకలో కూర్చుంది, చర్చిలో కూర్చున్నట్టే, కొంగు సర్దుకుని, తూర్పు ముఖంగా. నేను టేపు లాగి, కొక్కెం తాత సమాధి పక్కన ఇసుకలో వదిలేసి వచ్చి, డబ్బా అవ్వ చేతికిచ్చాను.

"ఇది ఇటుకకి ఆనించి పట్టుకో అవ్వా. నేను పోయి ఆ చివర పట్టుకుంటా."

నేను లేచేలోపే టేపు ఇసుకలోంచి పైకి లేచింది.

తలెత్తి చూశాను. ఆ చివర ఎవరూ లేరు. హెన్రీ గేటు దగ్గర ఉన్నాడు, గుర్తులకి పాతే మేకులు రెండు చేతుల నిండా పట్టుకుని. అతనూ అక్కడే ఆగిపోయి ఇటే చూస్తున్నాడు. పట్టీ బిగుసుకుంది. సన్నగా మోగింది. అవ్వ చేతిలో డబ్బా ఇటుకమీంచి ఒక వేలెడు ముందుకి జరిగింది.

అవ్వ బెదరలేదు. ఎన్నో ఏళ్ళు సంసారం చేసిన మనిషిని కసిరినట్టే కసిరింది.

"లాగబాకు మేస్త్రీ. వస్తా ఉండా. నీకు తొందరేముండాది?"

టేపు వదులైంది. కొంచెం కొంచెంగా దిగి ఇసుకమీద వాలింది. అవ్వ డబ్బాని వెనక్కి లాక్కుని ఇటుకకి ఆనించి పెట్టింది. తర్వాత కుడిచెయ్యి ఆ సందు మీదికి చాపింది, వెల్లకిలా. ఈసారి వెంటనే వెనక్కి తీసుకోలేదు.

"ఎంతుండాదో రాసుకో అమ్మే," అంది అటే చూస్తూ.

రాసుకోవలసిన పని లేదు. అయినా పెన్ను తీసి అరచేతిలో రాసుకున్నాను. హెన్రీ మేకులన్నీ కింద పడేసి వచ్చాడు, వచ్చి తన అరచెయ్యి కూడా చాపాడు. దానిలోనూ అదే రాశాను.